వడగళ్ళకు ముందు కబురు

చివరి కోడి కంట్లో చుక్క వేసి, సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది ఆమె. ఇంకా సగం ఉంది.

చర్చి సంఘంలో అందరూ ఆమెను టీచరమ్మ అంటారు, ఆదివారం పిల్లలకు పాఠం చెబుతుంది కనుక. మిగతా ఆరు రోజులూ సంఘపెద్దగారి కోళ్ళ షెడ్లలో గుడ్లు ఏరి, మంచివీ పగిలినవీ వేరు చేసి, ట్రేల్లో సర్దడం ఆమె పని. ఆ రోజు మాత్రం గుడ్ల జోలికి ఎవరూ పోలేదు. పొద్దున్నే మూడో షెడ్డు తలుపు తీసేసరికి మూలన నలభై కోళ్ళు మెడలు వెనక్కి మెలి తిరిగి, పైకప్పులో ఏదో వెతుకుతున్నట్టు పడి ఉన్నాయి. కొక్కెర తెగులు, ఇట్టే అంటుకునే జబ్బు. పెద్దాయన మిగతా ఆడవాళ్ళను వాకిట్లోంచే ఇంటికి పంపేసి, ఇద్దరు పనివాళ్ళచేత వాటిని వెనక గోతిలో వేయించి, సున్నం చల్లించి, మంచు పెట్టెలో టీకా మందు తెప్పించాడు.

"గోతి సంగతి మన నలుగురి మధ్యే ఉండాలి. పశువుల డాక్టరుకి తెలిసిందంటే షెడ్లన్నిటికీ తాళం వేస్తాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి," అన్నాడు. అందరూ తల ఊపారు. టీచరమ్మ కూడా ఊపింది.

టీకా మందు ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడెయ్యాలి. తర్వాత అది ఉత్త నీళ్ళతో సమానం. ఒక సీసా వెయ్యి కోళ్ళకు వస్తుంది. అందుకే ఎప్పుడు టీకా వేసినా, మిగిలిన మందు కంచె అవతలికి వెళ్ళేది. కంచె అవతల షెడ్డు ఆమె వదినది. అన్న పోయాక వదిన ఒక్కతే రెండు వందల అరవై కోళ్ళు పెట్టుకుని బతుకుతోంది.

"పెద్దయ్యగారూ, సగం సీసా మిగిలింది. వదినకి ఇచ్చి రానా?"

పెద్దాయన మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.

"దేవుడి మందిరం వద్దనుకున్న మనిషికి మన మందెందుకమ్మా? పారబొయ్యి."

"పారబొయ్యడమెందుకండీ, ఎలాగూ..."

"పారబొయ్యమన్నానా."

ఆమె కాలువ దగ్గర గొంతుక్కూర్చుని సీసా వంచింది. గులాబీ రంగు మందు సన్నగా జారి, బురదలో కలిసి, ఒక్క క్షణం నురగలా మెరిసి పోయింది. సీసా అడుగున ఒక చుక్క మిగిలితే దాన్ని కూడా దులిపింది, ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టు.

ఆ సాయంత్రం వదిన కంచె దగ్గరికి వచ్చింది. "ఏమే టీచరమ్మా, ఖాళీ ట్రేలుంటే ఒక పన్నెండు సర్దవే. రేపు బండి వస్తుంది, గుడ్లు నేలమీదే ఉన్నాయి."

మామూలుగా అయితే ట్రేలు ఎవరికిచ్చినా ముందు క్రిములు చావడానికి మందునీళ్ళ తొట్టిలో గంటసేపు నానబెట్టాలి. ఆ రోజు తొట్టి ఖాళీ, ఉన్న మందునీళ్ళన్నీ మూడో షెడ్డు కడగడానికే అయిపోయాయి. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. పొద్దున పారబోసిన సీసా కళ్ళలోనే ఉంది. ఇదైనా ఇవ్వాలి కదా అనుకుంది. గోడకు పేర్చి ఉన్న ట్రేల దొంతర మీదనుంచి పన్నెండు తీసి, చేత్తో దుమ్ము దులిపి, తీగల పైనుంచి అందించింది.

"నీ చేతులు సల్లగుండ," అంది వదిన.

పదో రోజు, గురువారం పొద్దున్న, కంచె అవతలినుంచి కేక వినిపించింది. "రావే, ఒక్కసారి రావే!"

వదిన షెడ్డులో అడుగు పెట్టగానే టీచరమ్మకు ముందుగా తెలిసింది చప్పుడు లేకపోవడం. మేత వేసే వేళకు ఆ షెడ్డు సంతలా ఉండేది. ఇప్పుడు అక్కడక్కడా ఒక గురక, ఒక రెక్క నేలకేసి కొట్టుకున్న చప్పుడు, అంతే. ఆకుపచ్చ రెట్టలు. తెరిచిన ముక్కులు. మెడలు వెనక్కి మెలి తిరిగి, అన్నీ పైకే చూస్తున్నాయి.

గుడ్లు అమ్మాక ఖాళీ అయిన ట్రేలు బల్ల మీద ఒకదాని మీద ఒకటి పొందిగ్గా పేర్చి ఉన్నాయి. అంచులకు నీలం రంగు గుర్తు. మూడో షెడ్డు గుర్తు. ఆమె గుంజ పట్టుకుని నిలబడింది.

"నిన్నటిదాకా నా చేతిమీద పొడిచి తిన్నాయే, పిచ్చి మొహాలు," అంది వదిన. ఏడవడం లేదు. చచ్చిన కోళ్ళను రెండేసి చొప్పున కాళ్ళు పట్టుకుని గుమ్మం దగ్గరికి మోస్తోంది. టీచరమ్మ కూడా వంగి మొయ్యసాగింది. ఆ మెత్తని బరువు, చల్లని కాళ్ళు, ఆ రోజు గోతి దగ్గర మోసినవే.

మధ్యాహ్నానికి పశువుల డాక్టరు రబ్బరు బూట్లతో వచ్చాడు. ఒక కోడిని కోసి చూసి, మిగిలినవి కూడా పూడ్చెయ్యాలన్నాడు.

"టీకా వేయించలేదా?"

"ఈసారి కుదరలేదు," అంది వదిన.

డాక్టరు కంచె వైపు చూశాడు. అవతల పెద్దాయన నిలబడి ఉన్నాడు. "మీ దగ్గరేమైనా జబ్బు కనిపించిందా?"

"దేవుడి దయవల్ల ఒక్కటి కూడా లేదండి. కావాలంటే వచ్చి చూడండి, కళకళలాడుతున్నాయి."

డాక్టరు సున్నం తట్ట పట్టుకుని నిలబడిన టీచరమ్మను అడిగాడు. "మీరు అక్కడే కదమ్మా పనిచేసేది?"

"అవునండి," అంది ఆమె. గోతి సంగతి చెప్పబోయింది. డాక్టరు అప్పటికే రాసుకుంటూ పక్కకు తిరిగాడు. ఆమె సున్నం చల్లింది. రేపు చెబుదాంలే అనుకుంది.

ఇంటికి వెళ్ళేముందు ఆ పన్నెండు ట్రేలూ తెచ్చి తొట్టిలో ముంచింది. ఇప్పుడెందుకు ముంచుతోందో ఆమెకే తెలియదు. అవి పైకి తేలుతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

శుక్రవారం గుడ్ల గదిలో పని ఎప్పటిలాగే సాగింది. దీపం మీద గుడ్డు పెట్టి, తిప్పి, పగుళ్ళు చూసి, ట్రేలోకి. దీపం మీద గుడ్డు పెట్టి, తిప్పి, ట్రేలోకి. రేడియో అని పేరుపడ్డ ఆవిడ అందరికంటే ముందు కూర్చుంటుంది, చెయ్యి ఆగినా నోరు ఆగదు.

"ఈ గుడ్డు చూడండే, అచ్చం మా ఆయన తలకాయే. పైన నున్నగా ఉంది, లోపలేముందో దీపం పెట్టినా కనిపించదు."

గది ఘొల్లుమంది. నవ్వులు ఆగకుండానే రేడియో గొంతు తగ్గించింది. "నవ్వుతారు గానీ, ఒళ్ళు జలదరించడం లేదూ? అవతల రెండొందల అరవై పోయాయి, ఇవతల ఒక్కటి పోలా. మధ్యన ఉన్నది ఒక తీగల కంచె! ఆ మహాతల్లి మందిరంలోంచి విసురుగా లేచి వెళ్ళిందే, దేవుడు చూస్తూ ఊరుకుంటాడా?"

"పిల్ల పోయిన బాధలో వెళ్ళింది లేవే," అంది ఇంకొకావిడ.

"బాధ ఎవరికి లేదు? పెద్దాయన ఏమన్నాడు, తల్లి విశ్వాసం గట్టిగా ఉంటే పిల్ల బతికేదన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెందుకు? ఏమంటావ్ టీచరమ్మా, నీకు లేఖనాలు తెలుసుగా?"

టీచరమ్మ చేతిలో గుడ్డు చిట్లింది. సొన వేళ్ళ మధ్యనుంచి కారింది. తుడుచుకుంటూ లేచి బయటికి వచ్చేసింది.

వాకిట్లో పాస్టరుగారు సైకిలు ఆనించి నిలబడి ఉన్నాడు. కుర్రతనం ఇంకా పోని మనిషి. ఈ సంఘానికి వచ్చి ఏడాది కాలేదు, పెద్దాయన ఇచ్చిన గదిలోనే ఉంటున్నాడు.

"టీచరమ్మగారూ, ఈ ఆదివారం పిల్లలకి బైబిల్లోని పది తెగుళ్ళ కథ చెప్పండి. పెద్దలకి నేనూ అదే చెబుతున్నాను."

"అయ్యగారూ, దేవుడు ఆ తెగుళ్ళు ఎందుకు పంపాడంటారు?"

ఆయన హుషారుగా అందుకున్నాడు. "చంపడానికి కాదమ్మా, తెలియజెయ్యడానికి. తాను ఎవరో రాజైన ఫరోకి తెలియాలి, ఆ దేశానికి తెలియాలి, అక్కడ వెట్టి చేస్తున్న తన ప్రజలకీ తెలియాలి. ప్రతి తెగులూ ఒక తలుపమ్మా. ఫరో ప్రతిసారీ దాన్ని వేసుకున్నాడు."

"మరి వదిన కోళ్ళు?"

ఆయన సైకిలు గంట మీద దుమ్ము తుడిచాడు. "ఎక్కడ ఏది చచ్చినా అది దేవుడి తెగులే అని చెప్పే ధైర్యం నాకు లేదు. పెద్దాయన ఆదివారం దాని మీదే సాక్ష్యం చెబుతానంటున్నారు. కాదనలేకపోయాను."

"కాదంటే ఏమవుతుంది?"

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "మీకు తెలియనిదేముందండీ," అని సైకిలెక్కాడు.

ఆ సాయంత్రం దీపాల వేళకు వదిన టీచరమ్మ ఇంటికి వచ్చింది. నాలుగు నెలల్లో ఆ గడప తొక్కడం ఇదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆదివారం మందిరానికి వస్తున్నానే."

టీచరమ్మ గుండె ఒక్కసారి ఎగిరింది. ఈ నాలుగు నెలలూ మందిరంలో బల్ల మీద తన పక్కన ఖాళీగా ఉన్న చోట ఆమె ఎవరినీ కూర్చోనివ్వలేదు. వారం వారం కంచె దగ్గర దొంగచాటుగా రెండు మాటలు, అంతే. వెళ్ళిపోయిన మనుషుల లెక్క ఆ ఇంట్లో ఇప్పటికే ఎక్కువైంది.

"రా వదినా! నా పక్కనే కూర్చుందువు గానీ."

"నీ పక్కన కాదు, ముందు నిలబడాలి. అందరి ముందూ ఒప్పుకుంటాను." వదిన గొంతు చదునుగా, వాన వెలిసిన నేలలా ఉంది. "ఆ రోజు పెద్దాయన అన్నదే నిజం. నా వల్లే పాప పోయింది. ఆ మాట నమ్మలేక కోపంతో వచ్చేశాను. అందుకే మళ్ళీ కొట్టాడు, ఈసారైనా నమ్ముతానని."

"పాపకి జ్వరం వదినా! వారం రోజుల జ్వరం. మనిద్దరం తడిగుడ్డలు వేస్తూనే ఉన్నాం కదా?"

"ఆ జ్వరం ఎవరు పంపారు?"

టీచరమ్మ ఆమె చెయ్యి అందుకోబోయింది.

"కోళ్ళు పోయాయని కాదే. నా బిడ్డని నేనే చంపుకున్నానని తెలిసింది. తెలియడం మంచిదేగా? తెలియజెయ్యడానికేనటగా తెగుళ్ళు? రేడియో చెప్పింది, పాస్టరుగారు అన్నారట." వదిన గుమ్మం కమ్మి మీదనుంచి చెయ్యి తీసింది. ఆ చేతి గోళ్ళలో ఇంకా సున్నం ఉంది. "ఇక నాకు నిద్ర పడుతుందేమో చూడాలి."

ఆమె వీధి చివరిదాకా నడిచి వెళ్ళడం టీచరమ్మ చూస్తూనే నిలబడింది. ఎప్పుడూ వదరుతూ, చేతులూపుతూ నడిచే మనిషి. ఇప్పుడు చేతులు ఒంటికి కట్టేసినట్టు వెళుతోంది.

శనివారం మధ్యాహ్నం పాఠం తయారు చేసుకుందామని కూర్చుంది. ఆమె బడికి పోయిన మనిషి కాదు. పెద్దయ్యాక, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఇప్పటికీ వరస కింద వేలు పెట్టుకునే చదువుతుంది. నీళ్ళు నెత్తురు కావడం, కప్పలు, పేలు, ఈగలు. పశువుల తెగులు దగ్గర వేలు ఆగింది. రాజు మనుషుల పశువులు చచ్చాయి, వెట్టివాళ్ళ పశువు ఒక్కటీ చావలేదు. రేపు పెద్దాయన చదవబోయేది ఇదే. వేలు ముందుకు జరిపింది. కురుపులు. తర్వాత వడగళ్ళు.

ఆ వడగళ్ళ కథ ఆమె ఏడేళ్ళుగా చెబుతోంది. పిల్లలకు వడగళ్ళంటే సరదా, చప్పట్లు కొట్టిస్తుంది, బల్లల మీద దరువు వేయిస్తుంది. ఎప్పుడూ తొందరలో దాటేసే రెండు వరసలు ఇవాళ వేలి కిందికి వచ్చాయి. వడగళ్ళకు ఒక రోజు ముందు దేవుడు కబురు పంపాడు. పొలాల్లో ఉన్న మనుషుల్నీ పశువుల్నీ లోపలికి తోలుకోండి, బయట ఉన్నవి బతకవు అని. పంపింది ఎవరికి? రాజు మనుషులకే. ఆ మాటకు భయపడినవాళ్ళు పశువుల్ని కొట్టాల్లోకి తోలుకున్నారు. అవి బతికాయి.

ఆమె మళ్ళీ చదివింది. శిక్షించబోయే దేవుడు శత్రువు గొడ్డుకు కూడా కబురు పంపాడు. కంచె అవతలికి మాత్రం ఎవరూ కబురు పంపలేదు. 'మా దగ్గర తెగులు వచ్చింది, జాగ్రత్త' అని ఒక్క మాట. తీగల పైనుంచి ట్రేలు వెళ్ళాయి, ఆ మాట వెళ్ళలేదు.

గ్రంథం మూసి, చెప్పులు తొడుక్కుని, నేరుగా పెద్దాయన ఇంటికి నడిచింది.

ఆయన వరండాలో కళ్ళజోడు పెట్టుకుని సాక్ష్యం కాగితం మీద రాసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. అందుకే ఆమెకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

"కూర్చోమ్మా. నీ వదిన రేపు వస్తోందా, లేదా?"

"వస్తోందండి."

"నాలుగు నెలలు నేను ప్రార్థన చేశాను. నువ్వూ చేశావు. వస్తోంది. ఏ దారిన వస్తే మనకేం? మందు నేను పారబోయించినా, ట్రేలు నువ్విచ్చినా, మన చేతులతో ఆయనే పని జరిపించాడనుకోకూడదా?"

"కబురు పంపకుండానా అండీ?"

ఆయన కళ్ళజోడు తీశాడు. "నువ్వు నోరు తెరిస్తే రెండు జరుగుతాయి. షెడ్లకి తాళం పడుతుంది. నీ వదిన మళ్ళీ గడప దాటుతుంది. ఈసారి నీ ముఖం కూడా చూడదు. ఆ ట్రేలు ఎవరిచ్చారో తెలిశాక చూస్తుందంటావా? ఆలోచించుకో. నీకు ఆవిడ తప్ప ఎవరున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు. ఆమె లేచి వచ్చేసింది.

ఆదివారం రేకుల కప్పు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. వదిన ముందు బల్ల మీద ఒక్కతే కూర్చుంది, తల మీద తెల్ల గుడ్డ కప్పుకుని. టీచరమ్మ పక్క వరసలో పిల్లల మధ్య ఉంది. పాస్టరుగారు క్లుప్తంగా మాట్లాడి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా పక్కకు తప్పుకున్నాడు. పెద్దాయన లేచాడు.

"ఒక కంచె," అన్నాడు. "అవతల చావు. ఇవతల ఈక కూడా రాలలేదు. ఆనాడు తనవాళ్ళకీ పరాయివాళ్ళకీ మధ్య గీత గీసిన దేవుడు ఈనాడూ గీస్తాడు!" జనంలో ఆమెన్‌లు లేచాయి. "శిక్ష ఎందుకు? తప్పిపోయిన బిడ్డ తిరిగి రావడానికి. ఇదిగో, వచ్చింది. రా అమ్మా, నిలబడు."

వదిన లేచింది. రెండు చేతులూ జోడించింది. "నా బిడ్డని..." అని ఆగింది. "నా విశ్వాసం..."

"ఈక రాలలేదనకండి," అంది టీచరమ్మ.

తన గొంతే తనకు పరాయిగా వినిపించింది. పిల్లలు తలలు తిప్పి చూశారు. ఆమె లేచి నిలబడింది.

"మూడో షెడ్డులో నలభై కోళ్ళు చచ్చాయి. వెనక గోతిలో ఉన్నాయి, తవ్వితే కనిపిస్తాయి. మిగిలినవాటికి టీకా వేశాం. మందు మిగిలితే కాలువలో పోశాను, నా చేత్తోనే. ఆ సాయంత్రమే అదే షెడ్డు ట్రేలు, మందునీళ్ళలో ముంచకుండా వదినకిచ్చాను. కంచె మీద గీత గీసింది దేవుడు కాదండీ. మనం." వదిన వైపు తిరిగింది. "దేవుడు వడగళ్ళు కురిపించేముందు, పశువుల్ని లోపలికి తోలుకోమని రాజు మనుషులకి కూడా చెప్పి పంపాడు. మనం చెప్పి పంపలేదు. చెప్పకుండా చంపింది ఆయన తెగులు ఎలా అవుతుంది?"

"ఆవిడకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు పెద్దాయన మెల్లగా. "ఎవరైనా బయటికి తీసుకెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. వెనక ఎక్కడో రేడియో "గోతా?" అంది, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా" అని ఆపేశాడు. కళ్ళు తెరిచి, మెట్టు మీద కూలబడి, తల పట్టుకున్నాడు.

వదిన జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. వాటిని మెల్లగా దించింది.

"ఎంత మిగిలింది మందు?"

"సగం సీసా."

"సగం సీసా," అంది వదిన. బల్లల మధ్యనుంచి నడిచి, ఆమెను దాటి, వాకిలి దాటి వెళ్ళిపోయింది.

సోమవారం పశువుల డాక్టరు గోతి తవ్వించాడు. సాయంత్రానికి మూడు షెడ్లకూ తాళాలు పడ్డాయి. మంగళవారం వీధి కుళాయి దగ్గర టీచరమ్మ బిందె పెడితే, ముందున్నవాళ్ళు మాట్లాడడం మానేశారు. "పన్నెండు పొయ్యిలు ఆర్పింది మహాతల్లి," అంది రేడియో, గోడతో చెబుతున్నట్టు. టీచరమ్మ బిందె నిండకముందే తీసుకుని వచ్చేసింది.

బుధవారం వదిన ఇంటి ముందు బండి ఆగి ఉందని తెలిసింది. అక్కగారి ఊరికి వెళ్ళిపోతోందట. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళింది. పిలవని మనిషి ఎంత దూరంలో నిలబడాలో తెలియక, వాకిలికీ బండికీ మధ్య నిలబడింది.

వదిన సామాను ఒక్కతే మోస్తోంది. మడత మంచం, గిన్నెల మూట, మేత గంప. బండివాడు చుట్ట కాలుస్తూ "నడుం పట్టేసింది తల్లీ, లేకపోతే నేనే ఎక్కించేవాణ్ణి" అంటున్నాడు. వదిన టీచరమ్మను చూసింది. చూడనట్టే లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చింది. అలా మూడుసార్లు తిరిగింది. మూడోసారి గుమ్మంలో నిలబడి, చెమట తుడుచుకుంది.

"నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోవడం లేదు వదినా."

"ఆ ట్రేలు నువ్వు కావాలని ఇవ్వలేదని తెలుసు. మందు మాత్రం తెలిసే పోశావు."

"తెలిసే."

ఆ మాట వదినకు నచ్చిందో లేదో ముఖంలో ఏమీ తెలియలేదు. గుమ్మం కమ్మిని బొటనవేలితో గీకుతూ నిలబడింది. కాసేపటికి, వేరే ఎవరినో అడుగుతున్నట్టు అడిగింది.

"పాప జ్వరంతోనే పోయింది కదా?"

"జ్వరంతోనే."

"మధ్యలో ఇంకేం లేదు కదా? నా వల్ల..."

"ఏమీ లేదు వదినా. జ్వరం, అంతే. నేనూ అక్కడే ఉన్నాను కదా."

వదిన దీర్ఘంగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంతకాలంగా లోపల ఉందో. కళ్ళు ఎరుపెక్కాయి, కానీ కారలేదు. లోపలికి తిరిగింది. గది మధ్యలో పెద్ద ఇనప పెట్టె ఒక్కటే మిగిలి ఉంది.

"అలా నిలబడతావేం? ఆ కొస పట్టుకో," అంది.

టీచరమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారే ఎత్తారు.